పెట్టెపై దూరము, పనిచోటి దూరము

ఎల్.బి.నగర్‌కు మెట్రో రైలు నడక మొదలిడిన మరుసటి యేడు, కోఠిలో ఒక దుకాణపు బల్లపై ఆరు వాకీటాకీల పెట్టెలను వరుసగా పేర్చి, ప్రతి పెట్టెపైనను పెద్ద అక్షరములతో ముద్రింపబడిన ‘16 కిలోమీటర్లు’ అను మాటను వ్రేలితో చూపుచు, వ్యాపారి నాతో “సార్, దిల్‌సుఖ్‌నగర్‌ల నిలబడి మాట్లాడితే హయత్‌నగర్ అవతల వినపడ్తది” అని పలికినపుడు, ఆ మాటను నమ్ముటకు నాకెక్కువ కాలము పట్టలేదు. ఏలయన, నమ్మవలెనని నిశ్చయించుకొనియే నేనా దుకాణము మెట్లెక్కితిని.

మఱునాడు కొత్తపేట సమీపమున మేము కట్టించుచున్న భవనపు అయిదవ అంతస్తున నేను నిలిచి, రెండవ నేలమాళిగలో లిఫ్టు గోతియొద్ద నున్న మేస్త్రీని పిలిచితిని. మా నడుమ నున్న దూరము 40 మీటర్లకు మించదు. నా చేతి సెట్టున గురగుర తప్ప మఱేమియు లేదు. పది నిమిషములు గడచిన పిదప ఆ మేస్త్రీయే చెమటలు క్రక్కుచు మెట్లెక్కి వచ్చి, “సార్, మీరేమన్న పిలిచిన్రా? డబ్బల ఏందో సప్పుడైంది” అని అడిగెను. పిలిచిన కారణము అప్పటికి నాకే జ్ఞాపకము లేదు.

పనిచోట పదిమందికి పెద్దగా నియమితుడై, ‘సెట్లు కొనుక్కొని రమ్ము’ అని యజమానిచే ఆజ్ఞాపింపబడి, అంతకుముందు జన్మలో ఎన్నడును రేడియో చేతబట్టని యువకుని కొఱకు ఈ అధ్యాయము వ్రాయుచున్నాను. ఏ సంస్థవారి ఏ నమూనాను కొనవలెనో నేను చెప్పను. నమూనాలు ఋతువులవలె మారును. ఏది చూచి కొనవలెనో మాత్రము చెప్పెదను.

మొట్టమొదట ఆ 16 కిలోమీటర్ల సంగతి. మనుష్యుడు సెట్టును నోటియొద్ద పట్టుకొనినపుడు అది నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున నుండుననుకొందము. భూమి గుండ్రని దగుటచే, ఎత్తును మీటర్లలో తీసికొని, దాని వర్గమూలమును 3.57తో గుణించినచో కనుచూపు మేర కిలోమీటర్లలో తేలును. ఆ లెక్కన ఒక్కొక్కనికి ఇంచుమించు 4.4 కిలోమీటర్లు, ఎదురెదురుగా నిలిచిన ఇద్దఱికిని కలిపి 9 కిలోమీటర్ల లోపు. రేడియో తరంగము వాతావరణమున కొంచెము వంగును గావున మఱియొక కిలోమీటరు చేర్చినను, ఇంచుమించు పదికి మించదు. అదియు చెట్టును గట్టును లేని సమతలమున మాట. ఇక 16 ఎచ్చటనుండి వచ్చెననగా, ఇద్దఱిలో నొకడు కొండ యెక్కిననాడు వచ్చును. ‘అయినచో శక్తి గలదానిని కొందును’ అని మీరనవచ్చును. అర వాట్టు సెట్టును విడిచి అయిదు వాట్ల సెట్టును కొనినను, అనగా శక్తి పదింతలైనను, అడ్డులేని ఆకాశమున సైతము దూరము మూడింతలకు కొంచెము మించునే కాని పదింతలు కాదు. కాంక్రీటు గోడ అడ్డువచ్చినచోట ఆ మూడింతలు కూడ మిగులవు. పనిచోట నిజమైన ప్రశ్న ఎంత దూరము అనునది కాదు, నడుమ ఏమున్నది అనునది.

నడుమ నేమేమి యుండగలదో చూడగోరువారు మలక్‌పేట వైపునుండి విజయవాడ మార్గమున ఎల్.బి.నగర్ చౌరస్తా వఱకు ఒకమారు కాలినడకన పోవలెను. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి.నగర్ మొదలగు స్టేషన్లను మోయుచు, 2018 సెప్టెంబరు 24న ప్రయాణికుల కొఱకు తెఱవబడిన ఆ మార్గపు వారధి బాటసారి తలపై కాంక్రీటు కప్పువలె నిలిచియున్నది. చౌరస్తా చేరునప్పటికి, నగర వ్యూహాత్మక రహదారి పథకము క్రింద కట్టబడిన వంతెనలును, నేలక్రింది దారులును, కామినేని వైపునకు, బైరామల్‌గూడ వైపునకు, నాగోలు వైపునకు చీలిపోవు అంతస్తుల దారులును ఒకదానినొకటి దాటుచుండును. గడ్డిఅన్నారమున పూర్వపు పండ్ల మార్కెట్టు బాటసింగారమునకు తరలింపబడిన పిదప, ఆ నేలపై 2022 ఏప్రిలు 26న శంకుస్థాపన జరిగిన టిమ్స్ ఆసుపత్రి వంటి పనిచోట్లయందు, నేలమాళిగనుండి క్రేను శిఖరము వఱకు మాట నిట్టనిలువుగా ప్రయాణము చేయవలసియుండును. ఇట్టి ప్రదేశమున రేడియో తరంగము బాణమువలె పోదు. ఇరుకు గల్లీలో ఆటోవలె సందు దొరికినచోట దూరి పోవును.

ఈ సందుల సంగతి తెలిసినచో వి.హెచ్.ఎఫ్., యు.హెచ్.ఎఫ్. అను రెండు జాతుల భేదము దానంతటదియే బోధపడును. చేతిసెట్లలో మొదటిది సాధారణముగా 136 మొదలు 174 మెగాహెర్ట్జ్‌ల వఱకును, రెండవది 400 మొదలు 470 వఱకును పనిచేయును. 150 మెగాహెర్ట్జ్‌ల తరంగము నిడివి రెండు మీటర్లు. 450 మెగాహెర్ట్జ్‌ల తరంగపు నిడివి మూడింట రెండువంతుల మీటరు మాత్రమే. ఇనుప చువ్వల వలతో నిండిన గోడ యుభయులకును శత్రువే యైనను, కిటికీ కొఱకు విడిచిన కంతనుండియు, మెట్లదారినుండియు, లిఫ్టు గోతి నోటినుండియు పొట్టి తరంగము సులభముగా లోపలికి చొచ్చి, గోడలకు కొట్టుకొని, మూలలకు చేరును. పొడుగు తరంగము తోటలయందును, విశాలమైన వెంచరు నేలలయందును, కొండవాలులయందును మేలు. కావున భవనములును వంతెనలును కట్టువారు యు.హెచ్.ఎఫ్.నే కోరవలెను, హయత్‌నగర్ దాటిన పిదప బయలు భూమిలో రోడ్డు వేయువారు వి.హెచ్.ఎఫ్. గుఱించి యోచింపవచ్చును. యు.హెచ్.ఎఫ్. సెట్టునకు యాంటెన్నా పొట్టిదగుట మఱియొక లాభము. పొడుగు యాంటెన్నా నడుమునకు గ్రుచ్చుకొనుచున్నదని పనివాడు దానిని వంచి జేబులో నిఱికించును, వంచిననాడే దాని పని సగమగును.

ఇచట చట్టమును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. దుకాణమున దీని నెవ్వరును చెప్పరు. 1933 నాటి భారతీయ వైర్‌లెస్ టెలిగ్రాఫీ చట్టపు కాలమునుండియు మన దేశమున అనుమతి లేక రేడియో పరికరమును దగ్గఱ నుంచుకొనుటయే నేరముగా నెంచబడినది. 2018 అక్టోబరున వెలువడిన నియమములచే 446.0 మొదలు 446.2 మెగాహెర్ట్జ్‌ల వఱకు గల సన్నని పట్టీలో స్వల్పశక్తి సెట్లకు లైసెన్సు అక్కఱలేదని సడలింపు కలిగినది. ఐరోపా ఖండమున ఇదే పట్టీలో వాడబడు సెట్ల శక్తి అర వాట్టు. ఆ పట్టీ దాటిన సెట్టునకును, అయిదు వాట్ల సెట్టునకును, కేంద్ర ప్రభుత్వపు డబ్ల్యు.పి.సి. విభాగమునుండి పౌనఃపున్యపు కేటాయింపును లైసెన్సును పొందవలెను. లైసెన్సు అక్కఱలేని సెట్టునకు సైతము అదే విభాగమిచ్చు ఇ.టి.ఎ. అను ఆమోదపత్రము ఉండితీరవలెను. అనుమతి లేని సెట్లు అంగళ్లయందును ఆన్‌లైను అమ్మకములయందును విచ్చలవిడిగా దొరకుటచే, 2025లో కేంద్ర వినియోగదారుల సంరక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైను అమ్మకపుదారులకు ప్రత్యేక మార్గదర్శకములనే జారీ చేయవలసి వచ్చెను. ‘ఎవడు పట్టుకొనును?’ అని అడుగువారు గలరు. పట్టుకొనుట సంగతి యటుంచి, అగ్నిమాపక దళమువారో అంబులెన్సువారో మాటలాడుకొను త్రోవలో, అనగా ఛానలులో, మన మేస్త్రీ ‘చాయ్ వచ్చిందా’ అని అడుగుట ఎట్టి పనియో ఆలోచింపుడు. బిల్లును, ఆమోదపత్రపు ప్రతిని, లైసెన్సు గలచో దానిని, సైటు ఆఫీసు ఇనుప పెట్టెలో నుంచుడు.

ఇక గట్టితనము. దుకాణదారుడు ‘హెవీ డ్యూటీ’ అనును. ఆ మాటకు తూకము లేదు. తూకము గలవి రెండు గుర్తులు. ఐ.పి. అను అక్షరముల తరువాత రెండంకె లుండును: మొదటిది దుమ్మును, రెండవది నీటిని గూర్చినది. ఐ.పి.67 అనగా దుమ్ము బొత్తిగా దూరదనియు, మీటరు లోతు నీటిలో అరగంట మునిగినను చెడదనియు అర్థము. ఐ.పి.55 అనగా దుమ్ము కొంత దూరినను పని చెడదు, గొట్టముతో చిమ్మిన నీటి ధారకు ఓర్చును. ఇందొక చిక్కు గలదు: మునుగుటకు ఓర్చునది ధారకు కూడ ఓర్చుననుకొనుట పొరపాటు, ఆ రెండు పరీక్షలును వేఱు. స్లాబు తడుపునపుడు పైపు ధార క్రింద పడు సెట్టునకు ఆ రెండు గుర్తులును వేఱువేఱుగా ఉన్నవో లేవో చూడవలెను. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానకు సరూర్‌నగర్ చెఱువు పొంగి కోదండరాం నగర్ వీథులు కాలువలైన దృశ్యమును చూచినవారికి నీటిని గూర్చి నేను వేఱుగ చెప్పనక్కఱలేదు.

రెండవ గుర్తు అమెరికా సైనిక ప్రమాణమైన మిల్-ఎస్.టి.డి.-810. అందలి పతన పరీక్షలో వస్తువును నాలుగడుగుల ఎత్తునుండి, కాంక్రీటుపై పఱచిన చెక్కపలకపైకి, ముఖములు, అంచులు, మూలలు అన్నియు తగులునట్లు 26 మారులు పడవేయుదురు. నాలుగడుగులనగా నడుమునుండి నేలకు గల దూరము; మూడవ అంతస్తు పరంజానుండి నేలకు గల దూరము కాదు. అట్లు పడి బ్రతికిన సెట్టు నింతవఱకు నేను చూడలేదు. కావున గట్టి సెట్టు కొనుటతో పాటు దానికొక తాడును కొనుడు. తాడు ఖరీదు అల్పము, క్రింద నడచు మనుష్యుని తల ఖరీదు అల్పము కాదు. సెట్టు వివరపత్రములో ‘ఆ ప్రమాణమునకు అనుగుణముగా రూపొందింపబడినది’ అని మాత్రమే యున్నచో, ఏ పరీక్షలు నిజముగా జరిగినవో అడుగుడు. వ్యాపారి ముఖము చూచియే సగము జవాబు తెలియును.

నా అనుభవమున సెట్లను చంపినది వాన కాదు, పతనము కాదు, సిమెంటు. గాలిలో లేచిన సిమెంటు దుమ్ము స్పీకరు జల్లెడలో చేరును. పనివాని చెమట దానికి నీరగును. రెండు వారములలో అచ్చట చిన్న గోడ కట్టబడును. సెట్టు పలుకుచునే యుండును, శబ్దము మాత్రము బయటికి రాదు. ఇయర్‌ఫోను తగిలించు కంతపై నుండు చిన్న రబ్బరు మూత రెండవ ద్రోహి. దానిని పీకి పాఱవేయని పనివానిని నేనెఱుగను. ఆ మూత పోయినక్షణముననే ఐ.పి.67 అను అంకెకు అర్థము పోవును. కొనునపుడు మూత స్క్రూతో బిగింపబడినదా, కేవలము రబ్బరు తోకతో వ్రేలాడుచున్నదా అని చూడుడు. విడిగా దొరకునేమో కూడ అడిగి, పదింటిని ముందే కొనుడు.

బ్యాటరీ విషయమున పెట్టెపై ‘12 గంటలు’ అని యుండును. ఆ లెక్కకు ఆధారము నూటికి అయిదు పాళ్లు పలుకుట, అయిదు పాళ్లు వినుట, తొంబది పాళ్లు ఊరకుండుట. మన పనిచోట తొంబది పాళ్లు ఊరకుండువాడు కావలివాడు ఒక్కడే. అయిదు వాట్ల సెట్టు పలుకునపుడు సుమారు ఒకటిన్నర ఆంపియరు త్రాగును. 1500 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీ ఎడతెగక పలుకువానికి గంటసేపు వచ్చును. క్రేనుకు సైగ చేయువానికి రోజుకు రెండు, ఒక్కొక్కపుడు మూడు బ్యాటరీలు కావలెను. మఱి వానిని ఛార్జింగు పెట్టు చోటు? లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు మించిన వేడిలో ఛార్జి చేయరాదు. మే నెలలో మన సైటు ఆఫీసనగా రేకుల డబ్బా. మిట్టమధ్యాహ్నము దానిలో కూర్చున్నవానికే ఛార్జి దిగిపోవును. రాత్రి చల్లబడిన పిదప ఛార్జింగు పెట్టించుడు.

డిజిటలా, అనలాగా అను వాదమున నేను దిగను. ఒకే త్రోవలో రెండు సంభాషణలు నడుపవలసినంత పెద్ద పనియైనచో డిజిటలు మేలు. పదిమంది పనికి అనలాగు చాలును. సిమ్ కార్డుతో నడచు సెట్లు దూరమునకు మంచివే గాని, సెల్‌ఫోను సిగ్నలు అందని నేలమాళిగలో అవియు మూగవోవును.

ఇన్ని చెప్పితిని గాని, సెట్టు కొనుటకు పూర్వము మీ మనుష్యు లెట్లు మాటలాడుదురో వినవలెననుట ఈ అధ్యాయమున నా ముఖ్యమైన మాట. తెలుగున క్రియ వాక్యాంతమున నుండును. నిషేధము ఆ క్రియకును తోకగా నుండును. ‘దించు’ అనునది ఆజ్ఞ. ‘దించొద్దు’ అనునది నిషేధము. ఆత్రపడిన మనుష్యుడు, పలుకుచున్నంతసేపు నొక్కి పట్టవలసిన మీటను మాట ముగియకముందే వదలును. వదలగానే తోక తెగును. పైన క్రేను గదిలో కూర్చున్నవానికి చేరునది ‘దించు’ మాత్రమే. హిందీలో దీనికి విపర్యయము. ‘మత్ ఉతారో’ అనుటలో నిషేధము తలవలె ముందుండును. మీటను నొక్కుటయు పలుకుటయు నొకే క్షణమున జరిగినచో, సెట్టు మేల్కొనులోపల మొదటి అక్షరము గాలిలో కలసిపోవును, మిగులునది ‘ఉతారో’. పాలమూరు మేస్త్రీయు, బీహారు సెంట్రింగువాడును, ఒడిశా వెల్డరును ఒకే త్రోవలో పలుకు దిల్‌సుఖ్‌నగర్ పనిచోట ఒక భాషకు తోక తెగును, ఒక భాషకు తల తెగును. తెగిన రెండు మాటలును ఒకే విపరీతార్థము నిచ్చును. మా సైటున ఒకనాడు సెంట్రింగు పలకల కట్ట ఒకటి ఇట్లే తలలపైకి దిగెను. అదృష్టవశమున అందఱును కాఫీకి పోయియుండిరి.

ఆనాటినుండి నిషేధ వాక్యములను మేము బహిష్కరించితిమి. ‘దించొద్దు’ లేదు, ‘ఎత్తొద్దు’ లేదు. ‘ఆగు’ అను ఒక్క మాటయే, హిందీవానికి ‘రుకో’, రెండుమారులు. మీట నొక్కి, మనసులో ‘ఒకటి’ అనుకొని, పిదప పలుకుట; పలికి, మరల ‘ఒకటి’ అనుకొని, పిదప వదలుట. క్రేను పనిలో ఇంతకన్న ముఖ్యమైన ఆచార మొకటి గలదు. బరువు దిగుచున్నంతసేపును సైగవాడు “దించు ఉస్తాద్, దించు, దించు, దించు” అని ఎడతెగక పలుకుచునే యుండవలెను. ఆ పలుకు తెగిన క్షణమున, ఏల తెగెనో విచారింపక, క్రేనువాడు ఆపివేయవలెను. ఆ పద్ధతిలో చెడిపోయిన సెట్టు కూడ ‘ఆగు’ అనియే చెప్పినట్లగును. క్రేనుకు వేఱొక త్రోవను ప్రత్యేకించి, అందులో చాయ్ మాటకు చోటీయకుండుట దీనికి అనుబంధము.

ఈ ఆచారమును పెట్టుకొనిన పిదప సెట్టును చూడుడు. దుకాణపు అద్దముల వెనుక కనబడని గుణములు కనబడును. మీట ఉబ్బెత్తుగా, చేతిజోడు తొడిగిన బొటనవ్రేలికి చూడకయే దొరకునట్లున్నదా? త్రోవ మార్చు గుండీ గట్టిగా తిరుగునా, నడుమునకు రాచుకొనినపుడు తానే తిరిగిపోవునా? అట్లు తిరిగిపోయిన గుండీ వలన అరపూట మూగవోయి, సెట్టు చెడినదని తిట్టుకొనిన సూపర్‌వైజరులు నాకు తెలియును. తెరయు అంకెల మీటలును లేని సాదా సెట్టే పనిచోటికి మేలు. మీట ఇఱుక్కొని పోయినచో త్రోవ మూసికొనిపోకుండ, నిర్ణీతకాలమునకు పలుకును తానే ఆపివేయు ఏర్పాటు చాల సెట్లకుండును. ఆ గడువును క్రేను త్రోవయందు పెంచి పెట్టించుడు, లేనిచో బరువు గాలిలో నుండగా సైగవాని నోరు నొక్కినట్లగును. వినికిడిని దుకాణపు ప్రశాంతతలో పరీక్షింపకుడు. బయట డీజిలు జనరేటరు ప్రక్కన నిలిచి వినుడు. ఇయర్‌ఫోను పెట్టినచో ఒక చెవికే. రెండవ చెవి లారీ హారనుకు కావలెను.

ఆరు సెట్లు ఒకేసారి కొనకుడు. రెండిటిని ఒకదినము అద్దెకు తెచ్చుకొనుడు. నగరమున అద్దెకిచ్చువా రున్నారు. ఒకడు నేలమాళిగలో నిలిచి ‘ఆరు, నూరు, మూడు, ఏడు’ అని వరుస మార్చి పలుకుచుండగా, రెండవవాడు అంతస్తు అంతస్తునకు తిరుగుచు తనకు వినబడినదానిని కాగితముపై వ్రాయవలెను. తల తెగిన ‘నూరు’ ‘ఆరు’గా వినబడును, మసకబాఱిన ‘మూడు’ ‘ఏడు’గా వినబడును, ఈ నాలుగు మాటలు దాటిన సెట్టు అన్ని మాటలను దాటును. వినబడని చోట్లను భవనపు పటముపై ఎఱ్ఱ పెన్సిలుతో చుట్టుడు. ఆ చోట్ల పని జరుగునాడు, మెట్లదారి మలుపున మాటను అందుకొని అందించుటకు ఒక మనిషిని నిలుపుడు.

కొత్తపేట సైటున మొదటి పటముపై అట్టి చుట్టలు నాలుగు వచ్చెను. పై అంతస్తు స్లాబు పడిన మఱునాడు అవి ఏడయ్యెను. ప్రతి స్లాబునకును పటమును క్రొత్తగా గీయలేక, ఆ ఏడు చోట్ల గోడలపైనను ‘ఇక్కడ పలకదు’ అని సుద్దతో వ్రాయించితిని. ఆ మధ్యాహ్నము క్రిందినుండి మెట్లెక్కి వచ్చిన మేస్త్రీ ఆ వ్రాతయెదుట కొంతసేపు నిలిచి, నా వైపు తిరిగి, “సార్, పలకనిది సెట్టా, గోడనా?” అని అడిగెను.